వాపు లేని నొప్పి: తలుపుల సీమలో కంఠనాడీశూల చరిత్ర

పెనుకొండ దుర్గమునకు తూర్పుగా, కదిరి పట్టణమునుండి పులివెందులకు పోవు మార్గమున, కడప జిల్లా సరిహద్దునకు చేరువగా తలుపుల గ్రామమున్నది. 1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన పిమ్మట ఈ ప్రాంతము కడప జిల్లా కదిరి తాలూకాలో చేరియుండి, 1910లో ఆ తాలూకాతోబాటు అనంతపురము జిల్లాకు మారి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమైనది. ఈ మార్పులన్నియు ప్రభుత్వపు కాగితములలో భద్రముగా నున్నవి. అయితే ఒక సీమవారికి దేహబాధ కలిగినపుడు వారెవ్వరికడకు పోయిరి, ఎంత దూరము పోయిరి, పోయినచోట వారి మాటను నమ్మినవారెవ్వరు అను విషయము గూడ ఆ సీమ చరిత్రలోనిదే గాని వేఱు కాదు. అట్టి బాధలలో నెల్ల మిక్కిలి అరుదైనదియు, మిక్కిలి అపార్థమునకు గురియైనదియు నగు కంఠనాడీశూలను గూర్చి, అనగా గొంతులోని నరమునుండి పుట్టు నొప్పిని గూర్చి, ఈ వ్యాసమున ముచ్చటింపదలచితిని.

సామాన్యమైన గొంతునొప్పి మనకందఱకు నెఱుకయే. జలుబు చేసినను, చన్నీరు పడకపోయినను గొంతు మండును, గవదలు వాచును, జ్వరము తగులును, నాలుగు దినములలో అంతయు సర్దుకొనును. నాడీశూల త్రోవ వేఱు. గుటక వేసిన క్షణముననో, ఆవులించిన క్షణముననో, ఒక్కొక్కప్పుడు నోరు విప్పి పలుకరించిన మాత్రముననో, నాలుక మొదట, గవద యున్నచోట, ఒక్క ప్రక్కనే, సూదితో పొడిచినట్లు చురుక్కుమని లేచి, చెవిలోనికిని దవడ మూలకును ప్రాకి, కొన్ని క్షణములు మొదలు రెండు నిమిషముల వఱకు మనుష్యుని మ్రాన్పఱచి, వచ్చినంత వేగముగనే మాయమగును. ఇట్లు దినమునకు పదులకొలది మాఱులు వచ్చి, కొన్ని వారములు వేధించి, కొన్ని నెలలు జాడ లేకుండ పోయి, మరల తిరిగివచ్చుట దీని స్వభావము. యాబదియేండ్లు దాటినవారిలో నిది హెచ్చు. "గొంతులో నరం గుంజుతాంది, చెవులోకి పోటు కొడతాంది" అని మన సీమవారు చెప్పుకొను రెండు మాటలలో వైద్యగ్రంథములలోని లక్షణము ముప్పాతిక పాలు ఇమిడియున్నది. కాని గొంతులోనికి దీపము పట్టి చూచినవారికి ఎఱుపు గానరాదు, వాపు గానరాదు, చీము గానరాదు. కానరాని బాధ లేనిబాధగా నెంచబడుట లోకసహజము గనుక, ఈ రోగులు నొప్పితోబాటు అపనమ్మకమును గూడ శతాబ్దముల తరబడి భరించిరి.

తల లోపలినుండి వెలువడు పండ్రెండు జతల కపాలనాడులలో తొమ్మిదవదానికి జిహ్వాగ్రసని నాడి యని పేరు. పుఱ్ఱె యడుగుననున్న రంధ్రముగుండ వెలికి వచ్చి, నాలుక వెనుకటి మూడవవంతునకు రుచిని, స్పర్శను తెలియజేయుచు, గవదలకును, నోటి వెనుకటి గొంతుభాగమగు గ్రసనికిని, నడిమి చెవికిని శాఖలను పంపు నాడి యిది. గొంతులో పుట్టిన పోటు చెవికి పాఱుటకు ఈ శాఖలే కారణము. మెడలోని పెద్ద ధమనియందు రక్తపుటొత్తిడి యెంత యున్నదో మెదడునకు విన్నవించు పని గూడ దీనిదే యగుటచే, పోటు తీవ్రమైనపుడు కొందఱికి గుండెవేగము తగ్గి, కన్నులు చీకట్లు గ్రమ్మి, సొమ్మసిల్లి పడిపోవుటయు గలదు. అట్టివారిని చూచి, గాలి సోకినదనియు దయ్యము పట్టినదనియు పూర్వులు భావించిరన్న అందు వింతలేదు. గుటక వేయగనే మనిషి నేలకొఱుగుటకు వేఱొక కారణము వారికి ఊహింప నలవి గాకుండెను.

మన ప్రాచీన వైద్యము ఈ విషయమున మూగవోలేదు. సుశ్రుతుడు ముఖరోగములను అఱువదియైదుగా లెక్కించి, వానిలో పదునేడింటిని కంఠమునకు చెందినవిగా చెప్పెను. కంఠమునకు ఇరుప్రక్కల నున్న నీల, మన్య యను నాలుగు మర్మములకు దెబ్బ తగిలినచో మాట పడిపోవుననియు, స్వరము వికృతమగుననియు, నాలుక రుచిని గ్రహింపజాలదనియు ఆయన శారీరస్థానమున వివరించినాడు. నాడుల విభాగము నేటివలె తెలియని కాలమున, మెడప్రక్క గాయమునకును నాలుక రుచికిని సంబంధము గలదని గుర్తించుట సూక్ష్మపరిశీలన యొక్క ఫలము. శిరోరోగములలో అనంతవాతమని యాయన వర్ణించిన వ్యాధిని, ముఖమునకు వచ్చు త్రిశాఖనాడీశూలగా నేటి ఆయుర్వేదవిద్వాంసులు పలువురు గుర్తించుచున్నారు. కంఠనాడీశూల దానికి తోబుట్టువు వంటిది. వాతప్రకోపముచేత పుట్టు శూల యన్న సిద్ధాంతము, వాపు లేకుండగనే నొప్పి యుండవచ్చునను సత్యమునకు చోటు విడిచినది. బసవరాజీయమను వైద్యగ్రంథమును చేతబట్టుకొని తెలుగునాట వైద్యము చేసిన వంశపారంపర్య వైద్యులు ఈ సిద్ధాంతము ననుసరించియే నస్యములను, తైలములను, కషాయములను ప్రయోగించిరి.

వైద్యుని యింటివఱకు పోలేని బీదలకు వంటిల్లే ఔషధాలయము. మిరియాల కషాయము, శొంఠి, పసుపు కలిపిన వేడిపాలు, బుగ్గన పెట్టుకొను కరక్కాయ ముక్క, అతిమధురము, ఉప్పునీటి పుక్కిలింత, మెడకు పసుపును సున్నమును కలిపి వేయు పట్టు, ఇవి తరతరములుగా మన పల్లెలలో నడచుచున్నవి. గొంతు వాచినవారికి వీనివలన ఉపశమనము కలుగుట నిజము. నరము పోటునకు ఇవి చేయగల మేలు స్వల్పము. హాని చేయు పద్ధతులును లేకపోలేదు. అంగిటిముల్లని పేరు పెట్టి గొంతులో వ్రేలు జొనిపి గట్టిగా నొక్కుట, జారిన కొండనాలుకను పైకెత్తుట, చెవి క్రిందను మెడమీదను కాల్చిన యినుముతో వాతలు పెట్టుట మున్నగునవి ఈ తెగకు చెందినవి. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడెనను సామెత, ఇట్టి చికిత్సల చేదు అనుభవమునుండియే మన జాతి నాలుకపై నిలిచియుండును. వాత పెట్టిన పిమ్మట నొప్పి తగ్గినదని చెప్పుకొనుటకు గల హేతువు తేటతెల్లము: ఈ శూల తనంతట తాను నెలలకొలది విరామము నిచ్చునది గనుక, ఆ విరామమునకు ముందు చేసిన చికిత్సకెల్ల కీర్తి దక్కుచు వచ్చినది. దంతవైద్యము వ్యాపించిన తరువాత, దవడమూల పోటును పంటిపోటుగా భ్రమించి, చక్కని దంతములను ఒకటి వెంట నొకటిగా పెఱికించుకొనుటయు జరిగినది. ఈ పొరపాటు ప్రపంచమంతట జరిగినది, నేటికిని జరుగుచున్నది.

పాశ్చాత్యవైద్యమునకును ఈ వ్యాధి చిరకాలము అంతుబట్టలేదు. 1910లో, అనగా కదిరి తాలూకా కడపనుండి అనంతపురమునకు మారిన యేటనే, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున వైజెన్‌బర్గ్ అను వైద్యుడు ఒక రోగి వృత్తాంతమును ప్రకటించెను. ఆ రోగి బాధను త్రిశాఖనాడీశూలగా నెంచి చికిత్స చేసిరి గాని, అది తొమ్మిదవ నాడికి సంబంధించినదనియు, మెదడు మూలనున్న కంతి దానికి కారణమనియు పిమ్మట తేలినది. 1920లో పారిస్ నగరమున సికార్, రోబినో అనువారు ముగ్గురు రోగులకు మెడలో ఆ నాడిని ఛేదించి చూచిరి. మఱుసటి యేట లండనులో విల్‌ఫ్రెడ్ హారిస్ ఈ వ్యాధికి నేడు వాడుకలోనున్న పేరును పెట్టెను. 1927లో బాల్టిమోరు నగరమున వాల్టర్ డాండీ పుఱ్ఱె తెఱచి, మెదడునుండి నాడి వెలువడు చోటనే దానిని ఖండించి శూలను నిర్మూలించు మార్గమును చూపెను. వైద్యశాస్త్రమున ఒక బాధకు పేరు పెట్టుట సామాన్యకార్యము గాదు. పేరు వచ్చిన పిదపనే గదా, గొంతులో ఏమియు లేదని రోగిని త్రిప్పిపంపు దుస్థితి తొలగుట.

ఆ దినములలో మన సీమవారికి గొంతుబాధ యనిన వెంటనే తోచు భయము క్షయ. క్షయ ఊపిరితిత్తులనుండి స్వరపేటికకు ప్రాకినపుడు, గుటక వేయుట యమయాతనగా మాఱి, రోగి ఆకలితో నుండియు అన్నమును త్రోసివేయును. మదనపల్లెకు సమీపమున డాక్టరు ఫ్రిమోడ్ మోలర్ నాయకత్వమున 1915లో ప్రారంభమైన ఆరోగ్యవరము శానిటోరియము, రాయలసీమకే గాక దక్షిణాపథమున కంతటికిని క్షయరోగుల శరణాలయమైనది. స్వరపేటిక క్షయతో అన్నము మానినవారికి, మెడప్రక్క చర్మముగుండ సూది దింపి స్వరపేటికకు పోవు నాడిలో మద్యసారమును ఎక్కించి, కొన్ని వారములపాటు నొప్పి తెలియకుండ భోజనము చేయునట్లు చేయు పద్ధతిని యూరపు వైద్యులు ఇరువదవ శతాబ్ది తొలి దశకముననే కనిపెట్టిరి. వ్యాధిని పోగొట్టజాలకున్నను, బాధను మోయు నాడిని మూగవోజేసి రోగి ప్రాణమును నిలుపవచ్చునను ఆలోచన కంఠచికిత్సలో అట్లు పాదుకొన్నది. స్ట్రెప్టోమైసిన్ మొదలగు మందులు వచ్చి క్షయను అణచిన తరువాత ఆ సూదుల అవసరము క్షీణించినది గాని, నాడిని మొద్దుబార్చు విద్య మాత్రము నిలిచి, నేటి నొప్పి వైద్యులకు వారసత్వముగా సంక్రమించినది.

కదిరి సీమ వైద్యచరిత్రమున రైలుకు గల స్థానము వైద్యశాలకు గల స్థానమున కేమియు తీసిపోదు. పందొమ్మిదవ శతాబ్ద్యంతమున ధర్మవరమునుండి పాకాలకు పడిన మీటరుగేజి మార్గము కదిరి, ములకలచెఱువు, మదనపల్లె రోడ్డు, పీలేరులమీదుగా పోయి, పాకాలకడ చిత్తూరు, కాట్పాడి మార్గముతో కలిసినది. తలుపుల పల్లెవాడు బండి కట్టుకొని కదిరి స్టేషను చేరగలిగినచో, అచ్చటినుండి ఆరోగ్యవరమునకును, దానిని దాటి రాయవేలూరునకును పట్టాలు పఱచియే యున్నవి. ఐడా స్కడ్డర్ అను అమెరికా వైద్యురాలు 1900లో ఆరంభించిన చిన్న చికిత్సాలయము, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాలగా విస్తరించి, క్రమముగ క్రైస్తవ వైద్యకళాశాలగా వేలూరున వెలసినది. మాంట్రియలులో పెన్‌ఫీల్డ్ మహాశయునికడ శిక్షణ పొందిన డాక్టరు జేకబ్ చాండీ 1949లో అచ్చట భారతదేశమున మొదటి నాడీశస్త్రవైద్య విభాగమును నెలకొల్పగా, మఱుసటి యేట మదరాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టరు బి. రామమూర్తి మఱియొక విభాగమును స్థాపించెను. హిందూపురము మీదుగా బెంగుళూరు చేరువారికి, 1954లో ఏర్పడి, 1974లో నిమ్‌హాన్స్‌గా మాఱిన సంస్థ ఆశ్రయమైనది.

నాడీశూలతో ఆనాడు ఇట్టి ప్రయాణము చేసినవాని యవస్థ యెట్టిదో ఒకింత ఊహింపుడు. మీటరుగేజి బండి నెమ్మదిగా సాగుచుండును. స్టేషను స్టేషనునను టీ కాఫీల కేకలు వినవచ్చుచుండును. మూట విప్పి తోడివారు సద్దిసంగటి తినుచుందురు. ఇతడు మాత్రము తువ్వాలును దవడకు చుట్టుకొని, ఊరిన లాలాజలమును మ్రింగుటకు వెఱచి కిటికీలోనుండి ఉమియుచు, ఎవరేమి యడిగినను తల యూపుటయే గాని పెదవి విప్పకుండును. నీరు త్రాగిన నొప్పి వచ్చును, త్రాగకున్న గొంతు ఎండును. బలిసిన దేహము గొంతునొప్పికి ఇట్లు కృశింపదనియు, వీడు బద్ధకస్థుడనియు ఇంటిలో విన్న మాటలు వానిని నొప్పికన్న హెచ్చుగ బాధించుచుండును. అట్టివానికి వైద్యుడు మొట్టమొదట ఇయ్యగల మందు నమ్మకమే.

ఆ నమ్మకమునకు ఆధారమైన పరీక్షను వియన్నా నగరపు వైద్యుడు కార్ల్ కోలర్ సాధ్యము గావించెను. 1884లో ఆయన కొకెయిను ద్రావణముచే కంటిని మొద్దుబార్చి చూపిన పిమ్మట, కొలది కాలములోనే ఆ మందు గొంతుపరీక్షలకును వచ్చినది. గవదమీదను, దాని చుట్టును మొద్దుబార్చు మందును పూసి, నొప్పి నిలిచిపోయినచో అది తొమ్మిదవ నాడి శూలయేయని నిర్ధారించుట, ఈ వ్యాధిని గుర్తించిన పిమ్మట వైద్యులకు తోడ్పడుచున్నది. నేడు కొకెయినునకు బదులు లిగ్నోకెయినును చల్లుదురు. వైద్యుడు గొంతులో ఆ తుంపరను చల్లి, కొన్ని నిమిషములాగి, గ్లాసెడు మంచినీరు చేతికిచ్చి త్రాగుమనును. రోగి భయముతో వైద్యుని మొగము చూచి, కన్నులు మూసికొని, ఒక గుటక వేయును, పోటు రాదు. మఱియొక గుటక వేయును, రాదు. గ్లాసు ఖాళీ యగును. ఆ ఉపశమనము ఒకటి రెండు గంటలకు మించి నిలువకపోయినను, తన బాధ కల్లగాదని వాడు నలుగురియెదుట నిరూపించుకొన్నవాడగును.

కారణముల విషయమున గూడ ఇరువదవ శతాబ్ది మనకు గొప్ప వెలుగు నిచ్చినది. చెవి యడుగునుండి క్రిందికి దిగు సూదివంటి చిన్న యెముక మితిమీఱి పెరిగి నాడిని రాచుకొనుటవలన గొంతునొప్పి కలుగవచ్చునని 1937లో వాట్ ఈగిల్ అను అమెరికా వైద్యుడు వెల్లడించెను. ఆ యెముకను కత్తిరించిన నొప్పి పోవును. మెదడు కాండమును వీడి నాడి వెలువడు చోట, చిన్నమెదడునకు పోవు ధమని మెలిదిరిగి, గుండె కొట్టుకొనినప్పుడెల్ల నాడిని తాకుచుండుట సర్వసాధారణ కారణమని తరువాతి పరిశోధకులు తేల్చిరి. విద్యుత్తీగకు పైనున్న రబ్బరుపొర ఒరసికొని పోయినచోట నిప్పురవ్వ లేచినట్లు, పైపొర చెడిన నాడినుండి అకారణముగ నొప్పి సంకేతములు లేచుచుండును. కంతులు, నాడుల పైపొరను క్షీణింపజేయు వ్యాధులు, గొంతులోని పుండ్లు, క్యాన్సరు కూడ కారణములు కావచ్చును.

ఔషధచరిత్రమున 1953వ సంవత్సరము స్మరణీయము. స్విట్జర్లాండునందలి గైగీ కంపెనీలో వాల్టర్ షిండ్లర్ కార్బమజెపిన్ అను రసాయనమును తయారుచేసెను. మూర్ఛవ్యాధికి పనికివచ్చు ఈ మందు ముఖమునకు వచ్చు నాడీశూలను అణచునని 1962లో స్వీడను దేశపు వైద్యుడు బ్లోమ్ ప్రకటించినది మొదలు, గొంతుశూలకును అదియే ప్రథమౌషధమైనది. సాధారణమగు నొప్పిమాత్రలు ఇందు పనిచేయవు, మూర్ఛమాత్ర పనిచేయును. ఫిట్లు లేనివానికి ఫిట్ల మందేలయని సందేహించి మాత్రలను పాఱవేయు కుటుంబములు పెక్కు గలవు గనుక ఈ మాటను నొక్కిచెప్పవలసియున్నది. మందులకు లొంగనివారికి, పిట్స్‌బర్గు నగరపు పీటర్ జనెట్టా తన సహచరుడు లాహాతో కలిసి 1977లో ప్రకటించిన శస్త్రచికిత్స శరణ్యమైనది. చెవి వెనుక పుఱ్ఱెలో చిన్న ద్వారము తీసి, సూక్ష్మదర్శిని సాయముతో ధమనిని నాడినుండి తప్పించి, రెంటికి నడుమ మెత్తని టెఫ్లాను దూదిని ఉంచుట ఈ పద్ధతి. డాండీ నాడిని ఖండించెను. జనెట్టా నాడిని కాపాడి ఒత్తిడిని తొలగించెను. యాబదియేండ్లలో శస్త్రవిద్య సాధించిన ప్రగతి యిది.

ఇప్పుడు తలుపులవారు తొలినాళ్ళవలె దూరదేశములకు పోనక్కఱలేదు. 1957లో కర్నూలునందును, 1960లో తిరుపతియందును, 2000లో అనంతపురమునందును ప్రభుత్వవైద్యకళాశాలలు వెలసినవి. 1991 నవంబరు 22న ప్రధానమంత్రి పి. వి. నరసింహారావుగారు ప్రారంభించిన పుట్టపర్తి ఉన్నతవైద్యశాలకు అనుబంధముగా, 2001లో బెంగుళూరు వైట్‌ఫీల్డునందు వెలసిన ఆసుపత్రి నాడీశస్త్రచికిత్సను ఉచితముగా చేయుచున్నది. ఎం.ఆర్.ఐ. యంత్రము నాడిని తాకు ధమనిని ఛాయాచిత్రముగా చూపుచున్నది. కొఱత యున్నది సాధనములలో గాదు. ఈ బాధ యొకటి గలదను తెలివిడిలో.

కావున పాఠకులకు నా మనవి యిది. గొంతులో ఒకే ప్రక్కన, గుటకతోనో మాటతోనో మెఱుపువలె లేచి చెవికి ప్రాకు పోటు గల వారెవ్వరైన మీ యింట నున్నచో, వారి మాటను నమ్ముడు. వాతలు పెట్టింపకుడు, కారణము తేలకుండ పండ్లు పెఱికింపకుడు. ముందుగా చెవి ముక్కు గొంతు వైద్యునిచే గొంతును పూర్తిగా పరీక్షింపజేయుడు. ఏలయన పొగాకు, బీడీ, వక్కాకు వాడుకగల మన సీమలో, వారములు గడచినను మానని ఒంటిప్రక్క గొంతునొప్పియు చెవిపోటును క్యాన్సరుకు సూచనలు కావచ్చును. పిదప నాడీవైద్యుని దర్శింపుడు. కార్బమజెపిన్ వాడువారు రక్తపరీక్షలు చేయించుకొనుచు, ఒడలిపై దద్దురులు లేచినచో నాడే వైద్యునికి చూపవలెను; నొప్పి తగ్గినదని మాత్రలను తమంతట తాము హఠాత్తుగా మానరాదు. పోటుతోబాటు సొమ్మసిల్లి పడువారిని ఒక్కదినమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పుడు. ఈ వ్యాధి అరుదైనది. అయినను దీనికి చికిత్స గలదు, ఆ చికిత్స మన సీమవారికి అందుబాటులోనే యున్నది.